మింటి మీదుగ వచ్చు కబురు

విల్లిపుత్తూరు పేరు వినగానే తెలుగువానికి ఆముక్తమాల్యదయు, విష్ణుచిత్తుని తులసీవనమును స్ఫురించుట సహజము. ఆ పురము నేటి విరుదునగర్ జిల్లాకు పడమటి అంచున, పశ్చిమకనుమల పాదమునందే యున్నది. ఆ ప్రాంతముననే తాణిప్పారై నుండి సతురగిరి సుందరమహాలింగస్వామి దర్శనార్థమై అమావాస్యా పౌర్ణములకు వేలకొలది జనము కొండ నెక్కుదురు. సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతముల నల్లరేగడి పల్లెలలో నేటికిని ఇంట తెలుగు మాటాడు కుటుంబములవారును వారిలో కలరు. అడివి దట్టమయిన కొలది చేతిఫోను మూగవోవును. ‘టవరు లేదు’ అను మాట ఒకరి నోటినుండి ఇంకొకరి నోటికి ప్రాకును. అటుపిమ్మట వాగు పొంగినను, కాలు బెణకినను, క్రిందివారికి కబురు చేర్చుటకు నడువగల మనిషియే దిక్కు.

ఆ నల్లరేగడి సీమ తెలుగువారి పూర్వులు ఉత్తరదేశమునుండి ప్రాణములరచేత బట్టుకొని తరలివచ్చిన కథను, కోవిల్‌పట్టికి చేరువనున్న ఇడైసెవల్ గ్రామవాసి కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామము’ అను తమిళ నవలలో చిత్రించెను. తాము బ్రతికియున్నామని వెనుకటి బంధువులకు తెలుపు సాధనము ఆ బాటసారులకు లేకుండెను. దారిలేని చోటునుండి మాట చేరవలెనను కోరిక అంత పాతది. అది ఫలించుట మాత్రము మన కన్నులయెదుటి సంగతి.

ఆకసమునుండి ఆపన్నుని కనుగొను ప్రయత్నములలో మొదటి ఘనవిజయము, పరస్పరవైరముతో రగులుచున్న సోవియట్ యూనియన్, అమెరికాలు కెనడా, ఫ్రాన్సులతో చేయికలిపి నెలకొల్పిన కాస్పాస్-సార్సాట్ వ్యవస్థది. 1982 జూన్‌లో దాని మొదటి ఉపగ్రహము ఎగసెను. ఆ సెప్టెంబరులోనే కెనడా అడవులలో కూలిన చిన్న విమానమునందలి మువ్వురు దాని మూలమున ప్రాణములతో బయటపడిరి. రాజకీయము మనుష్యులను విడదీసిన కాలమున ఇట్టి పని జరుగుట నాకెన్నడును చిన్న విషయముగ తోచదు. అయినను ఆ పరికరము ఆర్తనాదము చేయుటకే గాని ప్రత్యుత్తరము వినుటకు పనికిరాకుండెను. తన మొర చేరినదో లేదో తెలియక మంచులోనో మడుగులోనో వేచియుండువాని మనోవ్యథను తలచుకొన్నచో, ఈ విద్య అటుపిమ్మట ఏ దిక్కునకు సాగవలసియుండెనో స్పష్టమగును.

వేరొక దెస పొట్టిసందేశము పుట్టెను. 1985 ప్రాంతమున జర్మనీ దేశపు ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ 160 అక్షరములు చాలునని నిర్ణయించెను; 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ మొట్టమొదటి సందేశమును పంపెను. ఆ 160 రోమను లిపికి మాత్రమే; తెలుగు లిపి వాడినచో ఒక సందేశమునకు 70 స్థానములే మిగులును. ఒత్తులును గుణింతములును విడివిడిగ లెక్కకు వచ్చుటచే, ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమే ఆరు స్థానముల నాక్రమించును. ఇంత ఇరుకయినను ఉపగ్రహమార్గమునకు ఈ సంక్షిప్తతయే వరమయ్యెను. ఏలయన, చేతిఫోను వెలువరించు శక్తి వాటులో అయిదవ వంతు మాత్రమే. అది వందల కిలోమీటర్ల మీద, సెకనుకు దాదాపు ఏడున్నర కిలోమీటర్ల వేగమున పరుగెత్తు ఉపగ్రహమునకు చేరునప్పటికి మిక్కిలి క్షీణించును. కంఠధ్వని ఆగి ఆగి పోజాలదు. నాలుగు మాటల చీటి మాత్రము మెల్లగ, చేరువరకు మరల మరల పోగలదు.

1998 నవంబరులో 66 ఉపగ్రహములతో ఇరీడియం అను ఉపగ్రహఫోను సేవ ఆరంభమయ్యెను గాని, బరువయిన ఫోనులను, భారమయిన రుసుమును జనము సహింపకపోవుటచే మరుసటి యేడే ఆ సంస్థ దివాలా తీసెను. ఉపగ్రహములు మాత్రము నిలిచినవి. 2007లో స్పాట్ అను పరికరము బాటసారి మాటను ఒక్క దిక్కునకే చేరవేయగా, 2011లో వచ్చిన ఇన్‌రీచ్ ప్రత్యుత్తరమును గూడ తెచ్చెను. 2022 నవంబరులో యాపిల్ సంస్థ ఐఫోన్ 14లో అమెరికా, కెనడాల వారికి ఆపదలో ఉపగ్రహముద్వారా సందేశము పంపు సౌకర్యమును ఒసగెను: ఫోను తెరయే ‘ఎడమకు తిరుగుము, కుడికి తిరుగుము’ అని ఉపగ్రహపు దెసను చూపును. బయలున పదునైదు సెకనులలో పోవు సందేశమునకు చెట్ల క్రింద నిమిషమునకు పైగా పట్టునని ఆ సంస్థయే తెలిపినది. సతురగిరి వంటి అడవిదారికి ఈ భేదము ముఖ్యము.

మన దేశమున ఈ చరిత్రకు సముద్రమే పురిటిల్లు. 2010నుండి ఇస్రో వారి ఆపదసూచక యంత్రము జాలరి మొరను బెంగుళూరు కేంద్రమునకు చేర్చుచుండెను. అది పలుకగలదు, వినజాలదు. 2017లో ఒఖీ తుపాను కన్యాకుమారి జాలరులను నడిసముద్రమున పొట్టనబెట్టుకొనిన పిదప, హైదరాబాదు ఇన్‌కాయిస్ సంస్థ పాత్రతో 2019లో వచ్చిన జెమిని అను పరికరము హెచ్చరికలను వినిపించెను. అది వినగలదు, పలుకజాలదు. ఈ రెండు అసంపూర్ణతలను తీర్చునది 2024లో వెలువడిన రెండవ తరపు యంత్రము: మొర చేరినదను జవాబును తెచ్చును, బ్లూటూత్‌చే చేతిఫోనుతో కలిసి, ఆ జవాబును జాలరి స్వభాషలోనే చూపును. ఇన్ని సంవత్సరముల పరిశ్రమలో నేను మిక్కిలి గౌరవించునది ఈ స్వభాషాప్రత్యుత్తరమునే.

మారుమూల యనగా కొండయో కడలియో కానక్కరలేదు. 2023 డిసెంబరు 17న, కోవిల్‌పట్టి చేరియున్న తూత్తుక్కుడి జిల్లాలో కాయల్‌పట్టినమున ఒక్క దినముననే 95 సెంటీమీటర్ల వాన కురిసెను. తిరుచెందూరునుండి చెన్నైకి బయలుదేరిన రైలు శ్రీవైకుంఠము స్టేషనులో చిక్కుకొని, వందలాది ప్రయాణికులు నీటినడుమ రెండు రాత్రులు గడిపిరి. హెలికాప్టర్లు ఆహారమును జారవిడిచెను. నిన్నటిదాక అన్ని వసతులు గల రైలుస్టేషను ఆ రాత్రి ఏకాంతద్వీపమయ్యెను.

ఉపగ్రహఫోనులను అనుమతి లేక వాడరాదని మనచట్టము శాసించుచున్నది. 1885 నాటి టెలిగ్రాఫు చట్టమునుండి వచ్చిన ఆ కట్టుబాటు 2008 ముంబయి దాడుల పిదప మరింత బిగిసినది. ఎరుగక ఇన్‌రీచ్ తెచ్చిన విదేశీ యాత్రికులు విమానాశ్రయములలో నిర్బంధింపబడిరి. దేశరక్షణకై పెట్టిన కట్టుబాటును నేను నిరర్థకమనను. కాని ఆపద్ధర్మమునకు అందు చోటుండవలెను. ఆ చోటు ఇప్పుడిప్పుడే ఏర్పడుచున్నది. ఆర్థర్ క్లార్క్ 1945లో ప్రకటించిన కక్ష్యనుండియే, 36,000 కిలోమీటర్ల దూరము దాటించి, బి.ఎస్.ఎన్.ఎల్., వయాసాట్ సంస్థలు 2024 అక్టోబరులో చేతిఫోనుతో సందేశములను నడిపి చూపినవి. 2025 డిసెంబరు 24న మన శ్రీహరికోటనుండియే బ్లూబర్డ్ అను మహోపగ్రహము, మామూలు ఫోనులతో నేరుగ మాటలాడుటకై, నింగి కెగసెను. 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగిన రెండవ ప్రయోగకేంద్రము కులశేఖరపట్టినమున, అనగా కోవిల్‌పట్టి గల జిల్లాలోనే, లేచుచున్నది. సముద్రమున జాలరికి దొరకిన జవాబు కొండదారిలోని యాత్రికునికిని దొరకవలెనన్నచో, ఆ సందేశమును తాణిప్పారై అటవీశాఖ వారికిని, విరుదునగర్ కలెక్టరు కార్యాలయమునకును రేయింబవళ్లు చేర్చు ఏర్పాటును ఉపగ్రహసేవకు అనుమతి నిచ్చునప్పుడే నియమముగ విధింపవలెను.