ఫెర్రో గది నుంచి డ్రమ్ము దాకా

ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకం ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు రెండుసార్లు కబురు చేశారు. ప్రాజెక్టులు కట్టించిన ఇంజనీరు మిత్రులకు రాయడానికి చాలా ఉంటుంది. నేను 1971లో ఫెర్రో ప్రింటరుగా చేరి, 2007లో డ్రాయింగ్ బ్రాంచి నుంచే రిటైరైన వాణ్ణి. నకళ్ళు తీయడమే నా ఉద్యోగం కనుక ఆ సంగతే రాస్తాను.

ఫెర్రో ప్రింటు, అంటే బ్లూప్రింటు, పాత విద్య. 1842లో ఇంగ్లండులో సర్ జాన్ హెర్షెల్ దీన్ని కనిపెట్టారు. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద ట్రేసింగు పరచి, అద్దం బిగించి ఎండకు పెట్టి, ఆ పైన నీళ్ళలో కడిగితే నీలం నేల మీద తెల్ల గీతలు తేలేవి. మబ్బు పట్టిందంటే మాకు సగం సెలవే. కడిగి ఆరబెట్టిన కాగితం కాస్త ముడుచుకునేది. అందుకే మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారు, “స్కేలు పెట్టి కొలవకండి, రాసిన అంకెనే నమ్మండి” అనేవారు. ఈ మాట గుర్తుంచుకోండి. దీనితో ముందు పని ఉంది.

తరువాత అమ్మోనియా ప్రింటు వచ్చింది. కడగడం తప్పింది గాని కళ్ళు మండేవి. మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే చేతులకూ అదే వాసన.

1990లో మా ఆఫీసుకు ఏ-జీరో షీటు పట్టే పెద్ద జిరాక్సు యంత్రం వచ్చింది. ఈ విద్యకు ఆద్యుడు ఛెస్టర్ కార్ల్‌సన్. న్యూయార్కులో ఒక కంపెనీ పేటెంట్ల విభాగంలో పనిచేస్తూ, నకళ్ళ కోసం పడే అవస్థ చూసి ఈ ఆలోచన చేశాడట. మన బాపతు మనిషే! 1938 అక్టోబరు 22న ఆస్టోరియాలోని అద్దె గదిలో, గంధకం పూసిన జింకు పలకను చేతి రుమాలుతో రుద్ది విద్యుత్తు పుట్టించి, పొడి చల్లి మొదటి నకలు తీశాడు. కంపెనీలు ఎన్నో కాదన్నాయి. జిరాక్సు 914 యంత్రం వెలువడింది 1959లో. అప్పటికి గంధకం పోయి సెలీనియం వచ్చింది, పలక పోయి డ్రమ్ము వచ్చింది.

యంత్రానికి గుండెకాయ ఆ డ్రమ్మే. అల్యూమినియం గొట్టం మీద అద్దంలా మెరిసే పలుచటి సెలీనియం పూత. చీకట్లో విద్యుత్తును పట్టి ఉంచుతుంది, వెలుతురు తగిలిన చోట వదిలేస్తుంది. మిగిలిన చోట టోనరు పొడి అంటుకుంటుంది. మా దాని పొడవు మూడడుగుల పైనే, ధర నా ఎన్నో నెలల జీతం. మేము చేసిన మొదటి తప్పు, కొత్త యంత్రాన్ని అమ్మోనియా గదిలోనే పెట్టడం. ఆ ఆవిరి డ్రమ్ము ఆయుష్షును తినేస్తుందని సర్వీసు ఇంజనీరు వచ్చి తిట్టేదాకా మాకు తెలియదు. పాత యంత్రం ఊపిరి కొత్త యంత్రానికి విషమన్న మాట.

రెండో తప్పు నా ఒక్కడిది. 1991 వేసవిలో ఒక తూము డ్రాయింగు నకళ్ళు సైటుకు పంపాము. సిల్ లెవెల్ 38.85 ఉండవలసినది 38.35గా చదివి పునాది అర మీటరు లోతుగా తవ్వేశారు. కాంక్రీటు వేసే ముందు ఏ.ఇ. గారు పాత నకలుతో సరిచూసి ఆపారు. మెమో మా ట్రేసరు గారి మీదికి వచ్చింది. మూడేళ్ళలో రిటైరయ్యే మనిషి. “నేను ఎనిమిదే వేశాను నాయనా” అని పదే పదే అంటున్నారు.

ట్రేసింగు తీసి చూస్తే ఎనిమిది ఎనిమిదిలాగే ఉంది. నకలులో దాని ఎడమ అంచు ఎగిరిపోయి మూడైంది. అనుమానం వచ్చి, ఒక పెద్ద నల్ల కాగితాన్ని యంత్రంలో పెట్టి నకలు తీశాను. నలుపులో ఒకే వరుసన మూడు తెల్లమచ్చలు. మచ్చకూ మచ్చకూ దూరం 377 మిల్లీమీటర్లు, డ్రమ్ము చుట్టుకొలత సరిగ్గా అంతే. పూత లేచిన చోట విద్యుత్తు నిలవదు, పొడి అంటదు. ఖాళీ కాగితం మీద తెల్లమచ్చ ఎవరికి కనబడుతుంది? గీత మీదనో అంకె మీదనో పడినప్పుడే దాని పని.

ఆ గాటు ఎలా పడిందో నాకు తెలుసు. నెల కిందట ఇరుక్కున్న షీటును తొందరలో స్టీలు స్కేలు మొనతో లాగాను. రెండు రోజులు నోరు మెదపలేదు. మూడో రోజు ఇ.ఇ. గారి గదికి వెళ్ళి నల్ల కాగితం, స్కేలు రెండూ బల్ల మీద పెట్టాను. ట్రేసరు గారి మెమో రద్దయింది. నాకొకటి వచ్చింది, న్యాయమే.

అప్పటి నుంచి డ్రమ్మును పసిబిడ్డలా చూశాను. ఉంగరం తీసి డ్రాయరులో పెట్టి గాని మూత తెరిచేవాణ్ణి కాదు. డ్రమ్ము బయటికి తీస్తే నల్లగుడ్డ చుట్టి, కిటికీకి దూరంగా, ఎండ వేడి తగలకుండా ఉంచేవాణ్ణి. సెలీనియం పూత వేడికి స్ఫటికంలా మారిపోతే ఇక విద్యుత్తు పట్టదు. పిన్నులు, క్లిప్పులు వెతికి తీశాకే షీటు లోపలికి. పొడి గీకే రబ్బరు బ్లేడు మార్చినప్పుడు అంచుకు కాస్త టోనరు అద్దేవాణ్ణి, లేకపోతే పొడి రాపిడికి డ్రమ్ము గీసుకుపోతుంది. పది నకళ్ళు పదిసార్లుగా అడిగితే ఇచ్చేవాణ్ణి కాను, అన్నీ కలిపి ఒకేసారి. యంత్రం మొదలైన ప్రతిసారీ డ్రమ్ము కాసేపు ఊరికే తిరిగి అరుగుతుంది మరి. నా మీద ఫిర్యాదులు వెళ్ళాయి కూడా! రెండో డ్రమ్ము మాత్రం మొదటి దానికి మూడింతల కాలం పనిచేసింది.

నేను రిటైరయ్యే నాటికి డిజిటల్ యంత్రాలు, సేంద్రియ పూత డ్రమ్ములు వచ్చాయి. వాటిలో వ్యవహారం తలకిందులు. పూతకు గాటు పడితే తెల్లమచ్చకు బదులు నల్లచుక్క వస్తుంది. అంకెల మధ్య పడితే దశాంశ బిందువే అనుకుంటారు.

పాత డ్రమ్మును కంపెనీవారు తీసుకుపోయే రోజున ట్రేసరు గారు ఫెర్రో గదికి వచ్చారు. గాటు ఎక్కడో చూపించమన్నారు. కళ్ళజోడు సవరించుకుని వంగి చూసి, “ఆవగింజంత కూడా లేదే!” అని, టీకి పదవయ్యా అన్నారు.