భిక్ష మాని వృత్తి నేర్చిన అంధులు

నేను బడిపంతులుగా నున్న దినములలో ఒక అంధబాలుడు మా బడికి వచ్చుచుండెను. విన్న పద్యము విన్నట్లు అప్పగించెడివాడు. పదునెనిమిదేండ్లు నిండినపుడు నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, శతకములు నాలుగు వచ్చినవి. ఇక నేనేమి చేయుదును?" అని యడిగెను. నాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఆ ప్రశ్నకు పూర్వము పారిస్ నగరమున కొందఱు చెప్పిన సమాధానమును నేడు మీకు విన్నవింతును.

13వ శతాబ్దమున ఫ్రాన్సు రాజగు తొమ్మిదవ లూయీ పారిసులో మూడువందలమంది అంధులకు ఆశ్రమము కట్టించెను. వారికి నీడ దొరకెను గాని పని దొరకలేదు. ఆశ్రమవాసులును వీథులలో భిక్షాటనము చేయుచునే యుండిరి. ఐదువందల యేండ్లు గడచినను అంధుడన యాచకుడే యని లోకము తలంచుచుండెను. 1771లో నొక సంతలో అంధులకు వెక్కిరింపు వేషములు వేసి, కండ్లకు అట్ట అద్దములు తగిలించి, వాద్యములు వాయింపించుచుండగా జనులు పగులబడి నవ్విరి. ఆ గుంపులో నిలిచియున్న వాలెంటిన్ హాయీ అను పండితునకు మాత్రము నవ్వు రాలేదు, సిగ్గు కలిగెను.

1784లో ఆయన, చర్చి వాకిట బిచ్చమెత్తుచున్న ఫ్రాన్స్వా లెసూర్ అను అంధ యువకుని చేరదీసెను. వాని బిచ్చము మీదనే యింటివారు బ్రతుకుచుండిరి. వాడు చదువునకు గూర్చున్న ఇంట పొయ్యి వెలుగదు. అందుచే హాయీ ఆ నష్టమును తన సొమ్ముతో తీర్చుచు, ఉబ్బెత్తు అక్షరములను వ్రేళ్లతో తడవి చదువుట నేర్పెను. చదువు ఉచితమైనంత మాత్రమున బీదవాడు రాజాలడని ఆయన గ్రహించెను. మఱుసటి యేడు పాఠశాల వెలసెను. అందు చదువుతోపాటు నూలు వడకుట, అల్లిక, అచ్చుపని, సంగీతము నేర్పిరి. లెసూర్ అచ్చటనే పరులకు నేర్పువాడయ్యెను.

ఆ పాఠశాలకే 1819లో పదేండ్ల లూయీ బ్రెయిలీ వచ్చెను. గుఱ్ఱపు జీనులు కుట్టు తండ్రి పనిముట్టు మూడవయేట కంట గ్రుచ్చుకొని ఆతని చూపు పోయెను. బార్బియే అను నతడు కల్పించిన పండ్రెండు చుక్కల లిపిని సవరించి, బ్రెయిలీ ఆఱు చుక్కల లిపిని కల్పించి, 1829లో ప్రకటించెను. దానితో అంధుడు చదువుటయే గాక తన చేతితో వ్రాసికొన గలిగెను. ఉపాధ్యాయుడుగను, చర్చిలో ఆర్గన్ వాయించువాడుగను బ్రెయిలీ తన కూడు తాను సంపాదించుకొనెను. ఆతడు 1852లో మరణించెను. ఫ్రాన్సు ప్రభుత్వము 1854లో గాని ఆ లిపిని అంగీకరింపలేదు.

ఆ బడిలోనే క్లాడ్ మోంటల్ అను మఱియొక అంధుడుండెను. పియానో యనునది అనేకములగు తంతులపై చిన్న సుత్తులు కొట్టగా మ్రోగు వాద్యము. దానిని శ్రుతిచేయుట చూపున్నవారి పని యని యెల్లరు నెంచిరి. మోంటల్ ఒక పాత పియానోను విప్పి, ప్రతి భాగమును తడవి తెలిసికొని, మరల కూర్చెను. 1830లో బడి విడిచి బయటికి రాగా, అంధుని చేతికి తమ వాద్యము నిచ్చుటకు జనులు జంకిరి. పని తెలియక గాదు, నమ్మువారు లేక ఆతడు దైన్యమున పడెను. పిదప కొందఱు సంగీతాచార్యులు ఆతని పనితనమును విని మెచ్చి, ఒకరు మఱియొకరికి చెప్పిరి. అంతట పని దొరకెను. 1836లో ఆ విద్యపై గ్రంథము వ్రాసెను. పియానోలు చేయు కార్ఖానాయు పెట్టెను. తరువాత ఐరోపా, అమెరికాలలో తరతరముల అంధులకు ఇది జీవనవృత్తి యయ్యెను.

మన దేశమందును ఇట్టివారు లేకపోలేదు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు (1893–1964) చూపు మందగించుటచే బడి చదువునకు దూరమైరి. ఫిడేలు పట్టి, 1919లో విజయనగర మహారాజ సంగీత కళాశాలలో ఆచార్యులైరి; 1936లో దానికి అధ్యక్షులైరి. 1951లో భారతభాషల కన్నింటికిని ఉమ్మడి బ్రెయిలీ లిపి యేర్పడెను. అందు తెలుగును కలదు. 2016వ సంవత్సరపు శాసనము, నూటికి నలువది పాళ్లకు తగ్గని వైకల్యము గలవారికి ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగుకు తక్కువ గాకుండ కేటాయించినది.

కాని గ్రామములోని కమ్మరి కొలిమి, మగ్గము, కిరాణా కొట్టు ఆ కేటాయింపునకు లోబడినవి గావు. అచ్చట మాట చెల్లునది పెద్దలగు మీకే. మీ యూర అట్టి పిల్లవాడున్నచో, వానికి రూక దానము చేయుటకు ముందు, ఏ పని చేతనగునో యడుగుడు. నేర్చుకొను దినములలో ఇంటివారికి కూలి నష్టము రాకుండ చూడుడు. పని నేర్చిన పిమ్మట మొదటి బేరము మీరే యిండు. బాగుండెనేని పొరుగువానికి చెప్పుడు. నాడు నా యెదుట నిలిచిన బాలునకు నేను చెప్పవలసియుండిన మాట యిదియే. సెలవు.