ఈజిప్టు చిత్రదర్శకుడు హెన్రీ బరకాత్

మంచి గ్రంథము పుట్టుట యొకటి. అది యెవరి దుఃఖమును గూర్చి వ్రాయబడినదో వారికి చేరుట వేఱొకటి. 1934 వ సంవత్సరమున ఈజిప్టు దేశపు అంధపండితుడు తాహా హుస్సేన్ ‘కరవాన్ పిలుపు’ అను నవలను ప్రకటించెను. కరవాన్ అనునది రాత్రివేళ దీనముగ కూయు నొక పక్షి. శీలము చెడినదను నిందపై సొంత మేనమామచేతనే హతురాలైన పల్లెపడుచు కథ యది. కాని యట్టి పడుచులలో అక్షరము లెఱిగినవారు నాడు మిక్కిలి యరుదు. ఇరువదియైదేండ్ల పిదప, 1959 లో, ఆ కథను చదువురాని వారి కన్నులయెదుట నిలిపినవాడు హెన్రీ బరకాత్. పాటల చిత్రములతో జనుల మెప్పు వడసిన యీ దర్శకుడు ఆ మెప్పును దేనికై వినియోగించెనో విచారించుటయే మా యుద్దేశము.

బరకాత్ 1914 లో కైరోనగరమున జన్మించెను. న్యాయశాస్త్రము చదివియు న్యాయవాదవృత్తి నవలంబింపక, చలనచిత్రకళ నభ్యసించుటకై పారిస్ నగరమునకు పోయెను. ఆ కాలమున ఈజిప్టులో చిత్రనిర్మాణము పరిశ్రమగ వేళ్లూనుచుండెను. తలాత్ హర్బ్ స్థాపించిన మిస్ర్ బ్యాంకు పెట్టుబడితో 1935 లో ‘స్టూడియో మిస్ర్’ వెలసెను. బరకాత్ తొలి చిత్రము 1942 నాటి ‘అల్-షరీద్’. రష్యను రచయిత చేఖోవ్ కథ దానికి మూలము. ఆసియా దాఘిర్ అను మహిళ దానిని నిర్మించెను. పిదప గాయకుడు ఫరీద్ అల్-అత్రాష్‌తో 1947 లో ‘హబీబ్ అల్-ఉమ్ర్’, 1952 లో ‘లహ్న్ అల్-ఖులూద్’, అబ్దుల్ హలీమ్ హాఫిజ్‌తో 1955 లో ‘అయ్యామ్ వ లయాలీ’ అను చిత్రములను తీసెను.

ప్రేమ, వియోగము, సంగీతము — ఇవియే యా చిత్రముల సామగ్రి. గంభీరస్వభావులు వీనిని తేలికగ చూతురు. మేమట్లు చూడజాలము. ఆడవారును పిల్లలును సంకోచము లేక పోయి చూడదగిన చిత్రములు తీయువాడను నమ్మకమును బరకాత్ ఈ పాటలవలననే సంపాదించెను. అట్టి నమ్మకము లేనివాడు ‘దుఆ అల్-కరవాన్’ వంటి కథను చూపబూనినచో, పెద్దలు తమ యింటివారిని గడప దాటనిచ్చి యుందురా?

ఆ చిత్రమున తల్లియు నిద్దఱు కుమార్తెలును, తండ్రి తెచ్చిన యపకీర్తికి పల్లెనుండి వెడలగొట్టబడి, పట్టణమున దాసీపనికి కుదురుదురు. అక్క హనాదీని ఆమె యజమానుడగు ఇంజనీరు చెఱచును. మేనమామ వచ్చి, వంశగౌరవమను పేర, ఆమెను చంపును. ఇంజనీరునకు ఏ శిక్షయు లేదు. చెల్లెలు ఆమినా పగ తీర్చుకొనుటకై వాని యింటనే పనికి చేరి, తుదకు వానిపై మనసు పడును. నవలలో ఇంజనీరు బ్రతికియే యుండును. చిత్రమునందో, మేనమామ ఆమినాపై కాల్చిన గుండునకు తానడ్డుపడి మరణించును. అక్కను చెఱచినవానితో చెల్లెలి కాపురమును జనులు సహింపరని దర్శకుడు తలచెనని మాకు తోచును. వాని ప్రాణముతో బాకీ తీరినట్లు చూపరులు ఊఱడిల్లుదురు గాని, హత్య చేయించిన యాచారము మాత్రము చావలేదు. 1960 లో ఈ చిత్రము బెర్లిను చలనచిత్రోత్సవమున పోటీలో నిలిచెను.

1965 లో వచ్చి, కాన్ ఉత్సవమున ప్రదర్శింపబడిన ‘అల్-హరామ్’ ఇంతకంటె కఠినమైనది. ‘హరామ్’ అనగా నిషిద్ధము, పాపము. వైద్యుడును కథకుడును అగు యూసుఫ్ ఇద్రీస్ నవల దీనికి మూలము. ఒక పెద్ద భూస్వామ్యమున చచ్చిన పసికందు దొరకును. తల్లి యెవరను అనుమానము వలసకూలీలపై పడును. వారిలో నొకతె యగు అజీజాయే యా తల్లి. జబ్బుపడిన భర్త చిలగడదుంప కోరగా, పరుల చేనిలో త్రవ్వబోయి, అచటివానిచేత ఆమె చెఱపబడినది. కడుపు దాచుకొని కూలిచేసి, చెట్టుక్రింద ప్రసవించి, ఏడుపు వినబడునను భయమున బిడ్డ నోరు మూయగా బిడ్డ చచ్చినది. తానును సూతికాజ్వరమున మరణించును. ఒక్క దుంపకై రెండు ప్రాణములు! కథ తుదిని, సంతానము కోరు స్త్రీలు ఆ చెట్టునకు మ్రొక్కుకొన వత్తురు. బ్రతికియున్నపుడు కడుపు దాచుకొనవలసిన దానికి, చచ్చిన పిదప మ్రొక్కుబడులు.

ఈ రెండు చిత్రముల నడుమ, 1963 లో, బరకాత్ ‘అల్-బాబ్ అల్-మఫ్తూహ్’, అనగా ‘తెఱచిన తలుపు’, అను చిత్రమును తీసెను. లతీఫా అల్-జయ్యాత్ అను విదుషీమణి 1960 లో ప్రకటించిన నవల దీనికి మూలము. ఇందు లైలా చదువుకొన్న మధ్యతరగతి కన్య. తండ్రి యాజ్ఞ యొకవంక, వరుడుగ నిర్ణయింపబడిన ఆచార్యుని యధికార మొకవంక ఆమెను బంధించును. 1956 లో సూయజు యుద్ధము రాగా, ఆ కట్లు త్రెంచుకొని పోర్టు సయీదు పోవు రైలెక్కును. మూడు చిత్రములందును నాయిక ఫాతెన్ హమామాయే.

ఇచట చదువరులొక సంగతి గమనింపవలెను. హనాదీ, అజీజాల కథలు పురుషులు వ్రాసినవి. వానిలో స్త్రీ చచ్చి మన కన్నీరు గైకొనును. లైలా కథ స్త్రీ వ్రాసినది. అందామె బ్రతికి తన దారి తానేర్పఱచుకొనును. పురుషుల కరుణను తక్కువచేయుటకై మేమిది చెప్పుటలేదు. ఆ కరుణ లేనిచో అజీజా వంటి కూలిదాని గోడు తెఱపై కెక్కియే యుండదు. కాని కంటతడి పెట్టిన చూపరి యింటికి పోయి, తన పనిమనిషిని, తన కూతురిని మునుపటివలెనే చూచుట సాధ్యమే. లైలాను చూచినవానికి అది యంత సులభము కాదు. ఆమె జాలిని గాక జవాబును కోరును.

బరకాత్ 1997 లో కాలధర్మము నొందెను. అతడు ఉపన్యాసకుడు కాడు, సంఘస్థాపకుడును కాడు. పాట వినవచ్చిన జనులను కూర్చుండబెట్టి, ఇంటి గౌరవమునకు వెల యెవరు చెల్లించుచున్నారని యడిగినవాడు. ఆ ప్రశ్న ఈజిప్టు దేశమునకే పరిమితమైనది కాదని మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.