మంత్రి ముందరి బంటు

ఇంగ్లీషువాళ్ళ 'క్వీన్' మన చదరంగంలో మంత్రి. పాత పర్షియన్ ఆటలోనూ అది సలహాదారే, పేరు ఫర్జీన్. అప్పుడు ఏటవాలుగా ఒక్క గడి దాటేది, అంతే! సుమారు వెయ్యేళ్ళ కిందట యూరప్‌లో దానికి రాణి పేరొచ్చింది. ఇప్పుడున్న బలం మాత్రం 15వ శతాబ్దం చివర్లో వచ్చింది. మనం ఆ బలాన్ని తీసుకున్నాం గానీ, పేరు మార్చలేదు. నాకు మంత్రే ఇష్టం. రాజు పక్కన నిలబడి ఆలోచించేవాడు కదా.

ఆ మంత్రి ముందరి బంటును రెండు గళ్ళు తోస్తే క్వీన్స్ పాన్ ఓపెనింగ్. 2024 నవంబరు 27న సింగపూర్‌లో, ప్రపంచ టైటిల్ పోరు మూడో గేమ్‌లో, చెన్నై తెలుగింటి కుర్రాడు గుకేశ్ డింగ్ లిరెన్‌పై అలాగే మొదలుపెట్టాడు. ఆట క్వీన్స్ గాంబిట్ దారి పట్టింది. విచిత్రమేమంటే, పదో ఎత్తుకే మంత్రులిద్దరూ బల్ల దిగిపోయారు. గడియారం తరుముతుంటే, 37వ ఎత్తు దగ్గర డింగ్‌కు సమయం అయిపోయింది. ఆ మ్యాచ్‌లో గుకేశ్‌కు అదే తొలి గెలుపు.