ఇంగ్లీషు చలన క్రియలు, ప్రిపొజిషన్లు: ఒక చారిత్రక పరిచయం

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఇంగ్లీషు చలన క్రియలకు ప్రిపొజిషన్లు ఎందుకు అంత అవసరమయ్యాయో చారిత్రకంగా వివరించగలుగుతారు.
• చలనాన్ని చెప్పడంలో తెలుగుకూ ఇంగ్లీషుకూ ఉన్న తేడాను ఉదాహరణలతో చూపగలుగుతారు.
• తెలుగు మాధ్యమ విద్యార్థులు సాధారణంగా చేసే కొన్ని పొరపాట్లకు కారణాలు గుర్తించగలుగుతారు.

1. విషయ పరిచయం

మహబూబాబాద్ జిల్లా గార్ల దగ్గర, పాకాల ఏరు అవతలి పల్లె నుంచి ఒక విద్యార్థి ఖమ్మం బయలుదేరాడనుకోండి. అతని ప్రయాణాన్ని మనం ఇలా చెబుతాం: ఏరు దాటాడు, స్టేషన్ చేరాడు, రైలెక్కాడు, ఖమ్మంలో దిగాడు. నాలుగు పనులకు నాలుగు క్రియలు వాడాం. ఏ క్రియకు ఆ క్రియే దిక్కును తనలో దాచుకొని ఉంది. 'ఎక్కు' అంటే పైకి అని, 'దిగు' అంటే కిందికి అని వేరే చెప్పనక్కరలేదు.

ఇదే ప్రయాణాన్ని ఇంగ్లీషువాడు మామూలు మాటల్లో చెబితే ఎలా ఉంటుందో గమనించండి: 'గాట్ అక్రాస్' ఏరు దాటడం, 'గాట్ టు' స్టేషన్ చేరడం, 'గాట్ ఆన్' రైలెక్కడం, 'గాట్ ఆఫ్' దిగడం. నాలుగు చోట్లా క్రియ ఒక్కటే. మారింది దాని వెంట వచ్చిన చిన్న మాట మాత్రమే. ఆ చిన్న మాట తప్పితే ఎక్కినవాడు దిగినవాడవుతాడు. అందుకే ఇంగ్లీషులో ఈ చిన్న మాటలు అలంకారాలు కావు. అర్థాన్ని మోసేవి అవే.

ఈ పద్ధతి ఇంగ్లీషుకు ఎలా వచ్చింది? మన పద్ధతి అలా ఎందుకు లేదు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చరిత్రలో ఉంది.

2. విభక్తులు పోయిన భాష

సుమారు వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషును ప్రాచీన ఇంగ్లీషు అంటారు. దానికీ మన భాషకు ఉన్నట్టే విభక్తి ప్రత్యయాలు ఉండేవి. 'ఇన్' అనే మాట తరువాత నామవాచకం ద్వితీయా విభక్తిలో ఉంటే 'లోకి' అని, చతుర్థీ విభక్తి వంటి మరొక రూపంలో ఉంటే 'లో' అని అర్థం. అంటే కదలికా, నిలకడా అన్న తేడాను నామవాచకం చివర ఉన్న ప్రత్యయమే చెప్పేది.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. అప్పటికే సడలుతున్న ఆ ప్రత్యయాలు తరువాతి రెండు మూడు శతాబ్దాలలో చాలావరకు రాలిపోయాయి. అవి మోసిన బరువు ప్రిపొజిషన్ల మీద పడింది. 'ఇన్', 'టు' కలిసిన 'ఇన్‌టు' వంటి మాటల అవసరం పెరిగింది.

పాత పద్ధతి గుర్తులు నేటికీ కొన్ని మిగిలాయి. 'ఇంటికి వెళ్ళు' అనడానికి 'గో హోమ్' అంటారు, 'గో టు హోమ్' అనరు. మనకు ఇది వింతగా తోస్తుంది. ప్రాచీన ఇంగ్లీషులో 'హామ్' అనే రూపమే 'ఇంటికి' అనే అర్థాన్ని ఇచ్చేది. 'కి' అందులోనే ఉంది. ప్రత్యయాలు పోయినా ఆ వాడుక పోలేదు. కనుక 'గో హోమ్'ను వ్యాకరణానికి మినహాయింపుగా బట్టీ పట్టకండి. పాత వ్యాకరణం విడిచిన జాడగా గుర్తుంచుకోండి.

3. అరువు వచ్చిన క్రియలు

సంస్కృతంలో 'గమనం' అనే మాటకు ముందు ఉపసర్గ చేరిస్తే ఆగమనం, నిర్గమనం, అనుగమనం అవుతాయి. ప్రాచీన ఇంగ్లీషులోనూ 'అప్‌గాన్' వంటి రూపాలుండేవి. అందులో 'అప్' ముందు, క్రియ వెనుక. కాలక్రమంలో ఆ మాట క్రియ వెనక్కి జరిగి 'గో అప్' అయింది. లాటిన్ మాత్రం సంస్కృతంలాగే దిక్కును క్రియకు ముందు అతికించింది. ఫ్రెంచి, లాటిన్ల ద్వారా వచ్చిన క్రియలలో ఆ అతుకు అలాగే ఉండిపోయింది.

ఫలితంగా ఇంగ్లీషులో రెండు వరుసల క్రియలు ఏర్పడ్డాయి. ఇంటి భాషలో 'గో ఇన్', పుస్తక భాషలో 'ఎంటర్'. ఇటు 'గో డౌన్', అటు 'డిసెండ్'. ఇటు 'కమ్ బ్యాక్', అటు 'రిటర్న్'. రెండో వరుస క్రియలలో దిక్కు లోపలే ఉంది కాబట్టి మళ్ళీ బయట చేర్చనక్కరలేదు.

మన పొరపాట్లలో చాలా భాగం ఇక్కడ పుడతాయి. 'గదిలోకి ప్రవేశించాడు' అన్న వాక్యంలోని 'లోకి'ని మనం 'ఎంటర్' వెనుక 'ఇన్‌టు'గా పెడతాం. 'తిరిగి వచ్చాడు'లోని 'తిరిగి'ని 'రిటర్న్' వెనుక 'బ్యాక్'గా పెడతాం. 'రిటర్న్'లోని 'రి' అంటేనే 'తిరిగి'. అయితే ఒప్పందం కుదుర్చుకోవడం వంటి అర్థంలో 'ఎంటర్ ఇన్‌టు' సరైన ప్రయోగమే. అక్కడ గది లేదు, కదలిక లేదు.

'అరైవ్' కథ మరింత ఆసక్తికరం. లాటిన్‌లో 'రీపా' అంటే ఒడ్డు. ఒడ్డుకు చేరడమే 'అరైవ్' మొదటి అర్థం. తరువాత ఏ చోటికి చేరినా ఆ మాటే వాడారు. స్టేషన్ వంటి చోటుకు 'అరైవ్ ఎట్', నగరానికీ దేశానికీ 'అరైవ్ ఇన్' అంటారు.

'రీచ్' మాత్రం అరువు మాట కాదు. దాని పాత అర్థం చేయి చాచడం, అందుకోవడం. తెలుగులో 'కొమ్మను అందుకొన్నాడు' అంటాం గాని 'కొమ్మకు అందుకొన్నాడు' అనం. అదే న్యాయం 'రీచ్'కు వర్తిస్తుంది. అందుకే చేరడం అనే అర్థంలో దాని వెనుక 'టు' రాదు.

నేను ఉద్యోగానికి వెళ్ళిన తొలి ఇంటర్వ్యూలో 'రీచ్‌డ్ టు' అన్నాను. ఎదుటివారు నవ్వారు. తప్పేమిటో ఎవరూ చెప్పలేదు. 'గార్లకు చేరాడు'లోని 'కు' నా నోట 'టు'గా వచ్చిందని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అది తెలివితక్కువతనం కాదు. ఒక భాష క్రమాన్ని మరొక భాషలోకి నిజాయితీగా మోసుకుపోవడం. ఈ పాఠం మీకు ఆ ఏళ్ళను మిగిల్చాలని నా కోరిక.

4. తెలుగు దారి

మన భాషలో విభక్తులు పోలేదు, పెరిగాయి. 'మీద', 'కింద', 'లోపల' వంటి చోటును తెలిపే మాటలకు 'కి', 'నుంచి' చేరి మీదికి, కిందికి, లోపలి నుంచి అయ్యాయి. గార్ల పరిసరాలలో 'ఇంట్లకెల్లి వచ్చిండు' అంటే ఇంట్లో నుంచి అని, 'ఇటుకెల్లి పో' అంటే ఈ వైపుగా అని. ఒక్క 'కెల్లి' ఇంగ్లీషులోని రెండు మూడు ప్రిపొజిషన్ల పని చేస్తుంది. మీ ఇంటి మాటలోనూ ఇంత వ్యాకరణం ఉంది.

అమెరికన్ భాషాశాస్త్రవేత్త లెనార్డ్ టాల్మీ భాషలను ఈ దృష్టితో రెండు రకాలుగా విభజించాడు. కొన్ని భాషలు తోవను ప్రధాన క్రియలో చెబుతాయి. కొన్ని దానిని క్రియ పక్కనున్న చిన్న మాటకు అప్పగిస్తాయి. 'ఈదుకుంటూ ఏరు దాటాడు' అన్నప్పుడు మన ప్రధాన క్రియ 'దాటు', అంటే తోవ. ఇంగ్లీషులో ప్రధాన క్రియ 'స్వామ్', అంటే ఈదిన తీరు. దాటడం 'అక్రాస్'లో ఉంది. మన వాక్యంలో చివర నిలిచేది ఇంగ్లీషులో ప్రిపొజిషన్ అవుతుంది.

5. మన ప్రాంతానికి ఇంగ్లీషు

నిజాం రైల్వే మార్గం 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. గార్ల ఆ మార్గం మీదే ఉంది. రైలుతో పాటు స్టేషన్, టికెట్, సిగ్నల్, గార్డు వంటి నామవాచకాలు పల్లె నోటికి ఎక్కాయి. 'ఆన్', 'ఆఫ్', 'త్రూ' మాత్రం దిగలేదు. వస్తువుల పేర్లు సులభంగా అరువు వస్తాయి, వాక్య నిర్మాణం రాదు. పైగా హైదరాబాదు రాజ్యంలో పై చదువుల భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆ మాధ్యమంలోనే బోధించింది.

ఈ కష్టం మనకొక్కరికే లేదు. 1755లో నిఘంటువు ప్రచురించిన శామ్యూల్ జాన్సన్, క్రియ వెనుక చిన్న మాట చేరి అర్థం మారే ప్రయోగాలు విదేశీయులకు మిక్కిలి కష్టమని తన పీఠికలోనే గుర్తించాడు. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఏర్పడిన తరువాత ఇంగ్లీషు బోధన మన దేశంలో ప్రత్యేక అధ్యయన విషయంగా బలపడింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

(అ) 'గో హోమ్'లో 'టు' ఎందుకు లేదు?
(ఆ) 'పరుగెత్తుకుంటూ గదిలోంచి బయటికి వచ్చాడు' అనే వాక్యాన్ని ఇంగ్లీషులో రాసి, తోవ ఏ మాటలలో ఉందో గుర్తించండి.

సారాంశం

విభక్తి ప్రత్యయాలను కోల్పోయిన ఇంగ్లీషు చలనం దిక్కును ప్రిపొజిషన్లకు అప్పగించింది. ఫ్రెంచి, లాటిన్ల నుంచి వచ్చిన క్రియలు ఆ దిక్కును లోపలే దాచుకొన్నాయి. తెలుగు దానిని క్రియలోనూ విభక్తిలోనూ చెబుతుంది. కొత్త క్రియ ఎదురైనప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: దిక్కు దీని లోపల ఉందా, బయట ఉందా? లోపల ఉంటే మరొకటి చేర్చకండి. బయట ఉంటే క్రియతో పాటు ఆ చిన్న మాటనూ కలిపి ఒకే మాటగా నేర్చుకోండి.

మాదిరి ప్రశ్నలు

1. ఇంగ్లీషులో ప్రిపొజిషన్ల ప్రాధాన్యం పెరగడానికి దారితీసిన చారిత్రక కారణాలను వివరించండి.
2. మీ ఊరి నుంచి మీ అధ్యయన కేంద్రానికి చేసే ప్రయాణాన్ని రెండు భాషలలో రాసి, చలన క్రియలను పోల్చండి.