పదవ యేట ముగిసిన బాల్యము

బాల్యము ఎన్నవ యేట ముగియును? ఈ ప్రశ్నకు చట్టము ఒక సమాధానము, తల్లి మరియొక సమాధానము చెప్పును. చెచెన్యా యుద్ధములో ఒక సేనాని కూడ చెప్పినాడు. 2000 జనవరిలో రష్యా సేనానాయకుడు విక్టర్ కజంత్సెవ్, 10 ఏండ్లలోపు పిల్లలను, 60 దాటిన వృద్ధులను, స్త్రీలను మాత్రమే శరణార్థులుగా ఎంచెదమని ప్రకటించెను. తక్కిన మగవారందరును అనుమానితులే. పదేండ్లనగా మన యిండ్లలో ఐదవ తరగతి పిల్లవాడు! నిరసనలు చెలరేగగా కొలది దినములలోనే ఆ నిబంధన సడలినది. కాని ఆ సంఖ్య ఒక్కనాట పుట్టినది కాదు.

చెచెన్యా కాకసస్ పర్వతముల ఉత్తరపు వాలున నున్న చిన్న దేశము. 1944 ఫిబ్రవరి 23న స్టాలిన్ ప్రభుత్వము ఆ జాతినంతను రైలు పెట్టెలలో నింపి మధ్య ఆసియాకు తరలించినది. 1957 వరకు వారికి తిరిగివచ్చు అనుమతి లేదు. తరువాతి కాలమున స్వాతంత్ర్యము ప్రకటించిన దుదాయెవ్ ఆ ప్రయాణము నాటికి పసికందు. సేనలను నడపిన మస్ఖదోవ్ కజక్‌స్థానములోనే జన్మించినాడు. పెద్దల నోట ఈ కథ వినుచు పెరిగిన పిల్లలకు శత్రువెవరో వేరుగ చెప్పనక్కరలేకపోయినది.

1994 డిసెంబరు 11న రష్యా సేనలు ప్రవేశించెను. సంవత్సరాంతపు రాత్రి టాంకులు గ్రోజ్నీ నగరములోనికి దూసుకొనివచ్చి, రైలుస్టేషను వద్ద మైకోప్ దళము దాదాపుగా నాశనమైనది. ఆ టాంకులలో నున్నవారిలో అనేకులు 18, 19 ఏండ్ల నిర్బంధ సైనికులు, తుపాకి సరిగా పట్టనైనను నేర్వనివారు. ఎదుట నిలిచినవారిలోను మీసము రాని బాలురుండిరి. వారిని చేర్చుకొనుటకు కార్యాలయము గాని, పట్టికగాని లేదు. ఇల్లు కూలెను, అన్న మరణించెను. నేలమాళిగల దారులు తెలిసిన పిల్లవాడు మొదట నీరు మోసెను, పిమ్మట తూటాలు మోసెను, ఆపై తుపాకి అందుకొనెను. ఇంట కూర్చున్నంత మాత్రమున వానికి రక్షణ కలిగెడిదా? 1995 ఫిబ్రవరి, మే నెలల మధ్య మరణించిన, గాయపడిన పౌరులలో నూటికి 40 మంది పిల్లలేయని ఐక్యరాజ్యసమితికి గ్రాసా మాషెల్ సమర్పించిన నివేదిక తెల్పుచున్నది. యువకులను అనుమానముపై పట్టుకొనిపోవు శిబిరములుండనే యుండెను. ఇట్టి స్థితిలో బాలుడు తుపాకి పట్టుట వీరావేశమని నేననుకొనను; లెక్క చూచుకొనుటయే.

1996 ఆగస్టులో ఖసవ్యూర్త్ ఒడంబడికతో మొదటి యుద్ధము ముగిసినది. మూడేండ్లకే, 1999లో, రెండవది మొదలైనది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక యుద్ధమునకు 15 ఏండ్లు హద్దుగా నిర్ణయించియుండెను. కజంత్సెవ్ ప్రకటన వెలువడిన నాలుగు నెలలకు, 2000 మే 25న, ఐక్యరాజ్యసమితి దానిని 18కి పెంచుచు మరియొక పత్రమును ఆమోదించెను.

1994 డిసెంబరులో పండ్రెండు నిండిన గ్రోజ్నీ బాలునికి, ఆ ప్రకటన నాటికి పదునేడేండ్లు. క్రొత్త పత్రము ప్రకారము వాడింకను బాలుడే. సేనాని లెక్కలో వానికి బాల్యము ముగిసి అప్పటికే ఏడేండ్లు.