కెర్నెల్‌లో సాకెట్ల ముగింపు, మెమరీ లీక్‌ల నివారణ

నెట్‌వర్క్ కనెక్షన్ ముగిశాక కూడా దానికి కెర్నెల్ కేటాయించిన మెమరీ ఖాళీ కాకపోతే అది మెమరీ లీక్. మామూలు ప్రోగ్రామ్ లీక్ చేసిన మెమరీ ఆ ప్రోగ్రామ్ ఆగగానే తిరిగొస్తుంది. కెర్నెల్‌లో లీకైనది సాధారణంగా రీబూట్ దాకా రాదు. నెలల తరబడి ఆగకుండా నడిచే సర్వర్లకు ఇది పెద్ద ముప్పు.

ప్రోగ్రామ్ సాకెట్‌ను, అంటే కనెక్షన్‌లో తన వైపు కొసను, మూసినంత మాత్రాన దాని పని తీరిపోదు. 1981 నాటి టీసీపీ ప్రమాణం ప్రకారం, ముందుగా మూసిన పక్షం టైమ్-వెయిట్ స్థితిలో కొంతసేపు ఆగాలి. దారిలో ఆలస్యమైన పాత ప్యాకెట్లు కొత్త కనెక్షన్‌లో చొరబడకుండా ఈ ఏర్పాటు. లైనక్స్‌లో ఆ గడువు 60 సెకన్లు. అంతసేపూ పూర్తి సాకెట్‌ను మోయకుండా, కెర్నెల్ దాని బదులు చిన్న నిర్మాణాన్ని ఉంచుకుంటుంది.

2001లో వచ్చిన లైనక్స్ 2.4 నాటికే సాకెట్లకు స్పష్టమైన నియమం ఉంది. హ్యాష్ పట్టిక కానీ, నడుస్తున్న టైమర్ కానీ, ప్రయాణంలో ఉన్న ప్యాకెట్ కానీ సాకెట్‌ను పట్టుకుంటే రిఫరెన్స్ కౌంట్‌ను (ఎందరు పట్టుకున్నారో చెప్పే లెక్కను) ఒకటి పెంచాలి, వదిలేటప్పుడు ఒకటి తగ్గించాలి. లెక్క సున్నాకు చేరితే మెమరీ ఖాళీ అవుతుంది, కాబట్టి అది మళ్లీ పెరగకూడదు. ఎర్రర్ వచ్చి మధ్యలోనే వెనుదిరిగే చోట తగ్గించడం మరిస్తే లీక్. రెండుసార్లు తగ్గిస్తే అంతకన్నా ప్రమాదం, వాడుకలో ఉన్న మెమరీయే ఖాళీ అయిపోతుంది.

2017లో 4.11 వెర్షన్ ఈ లెక్కకు ప్రత్యేక రకాన్ని తెచ్చింది. లెక్క హద్దు దాటి మళ్లీ సున్నాకు చుట్టి రాకుండా అక్కడే బిగుసుకుంటుంది, ఆ మెమరీ ఇక ఖాళీ కాదు. దాడికి తలుపు తెరవడం కంటే లీకే మేలని తెలిసి చేసిన ఎంపిక ఇది, సరైన ఎంపిక కూడా.

ఇక లీక్‌లను కనిపెట్టే సాధనాల సంగతి. 2009లో 2.6.31తో చేరిన కెమెమ్‌లీక్, ఏ పాయింటరూ చూపని మెమరీ ముక్కలను వెతికి పట్టుకుంటుంది. ఏదో జాబితాలో ఇంకా వేలాడుతున్న వస్తువు దానికి దొరకదు. నెట్‌వర్క్ పరికరాల విషయంలో ఆ లోటును 2022లో 5.17 తీర్చింది: లెక్కను ఎవరు, ఎక్కడ పెంచారో అది నమోదు చేసుకోగలదు.

లెక్కతో అసలే తేలనిది యూనిక్స్ సాకెట్ల వ్యవహారం. వాటి ద్వారా ఫైల్ డిస్క్రిప్టర్లను, అంటే తెరిచిన ఫైళ్లు, సాకెట్ల గుర్తులను, పంపవచ్చు. రెండు సాకెట్లు ఒకదాని క్యూలో మరొకటి చిక్కుకున్నాక ప్రోగ్రామ్ రెండింటినీ మూసేస్తే, ఏ లెక్కా సున్నాకు చేరదు. ఇలాంటి వలయాలను ఏరివేయడానికే కెర్నెల్‌లో ఒక గార్బేజ్ కలెక్టర్ ఉంది. అందులోని ఒక రేస్ కండిషన్ లోపం సీవీఈ-2021-0920గా నమోదైంది, నిజమైన దాడుల్లోనూ దాన్ని వాడుకున్నారు. 2024లో 6.10 వెర్షన్ పాత పద్ధతిని తొలగించి, గ్రాఫ్‌లోని వలయాలను కనిపెట్టే టార్జాన్ అల్గారిదమ్ ఆధారంగా ఆ కలెక్టర్‌ను తిరగరాసింది.